కర్నూలు: రాత్రంతా తాళం, గ్యాస్ చూసుకునే మా ఆయన. ఇది ఓసీడీనా? వైద్యం ఎక్కడ?

బురుజు_పక్కిల్లు

మా ఆయనకు పడుకునే ముందు గ్యాస్ కట్టేశామా లేదా చూసుకోవడం పెళ్లయిన కొత్తలోనే ఉండేది. మంచి అలవాటే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. పోయిన ఏడు మా వీధి చివరింట్లో సిలిండర్ అంటుకుంది, ఎవరికీ ఏమీ కాలేదు, ఒక కర్టెన్ కాలింది అంతే. అప్పటినుంచి ఇది వేరే దారి పట్టింది. రెగ్యులేటర్ తిప్పి ఆపుతాడు, వేలితో నొక్కి చూస్తాడు, వంగి వాసన చూస్తాడు, మంచం దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోతాడు. తర్వాత తలుపు గడియ. ఆ తర్వాత మోటరు స్విచ్. ఈమధ్య ఫోన్‌లో ఫోటో తీసుకుంటున్నాడు. గ్యాలరీ తెరిస్తే పిల్లలు కనబడరు, అన్నీ రెగ్యులేటర్లే. సరే ఫోటో ఉంది కదా, ఇంక పడుకో అంటే "ఇది ఇవాళ్టిదా, నిన్నటిదా" అంటాడు. తేదీ చూపిస్తే, ఫోటో తీశాక చెయ్యి తగిలి తిరిగిందేమో అంటాడు! ఆఖరికి నన్ను లేపి "నువ్వు చూశావు కదా, నీ నోటితో చెప్పు" అంటాడు. చెప్తాను. మళ్లీ చెప్పమంటాడు. నిదానంగా చెప్పాలి, విసుక్కుంటే అది లెక్కలోకి రాదు, మొదటినుంచి మొదలు.

ఆఫీసులో అకౌంట్స్ చూస్తాడు, అక్కడ కూడా కూడిన వోచర్లే మళ్లీ మళ్లీ కూడుతూ రాత్రి ఎప్పుడో వస్తున్నాడు. మనిషి బంగారం, తాగడు, తిరగడు. తెలివికేం తక్కువ లేదు. "ఇది అర్థం లేని పని అని నాకూ తెలుసు, వదల్లేకపోతున్నా" అని తనే అంటాడు. మా అత్తమ్మ దిష్టి అంటోంది, మా తమ్ముడు ఓసీడీ అంటున్నాడు, అంటే వద్దనుకున్నా అదే ఆలోచన వచ్చి అదే పని మళ్లీ మళ్లీ చేయించే మనసు జబ్బట. డాక్టర్ దగ్గరికి పోదామంటే "నాకు పిచ్చి అంటున్నావా" అని అలిగి అన్నం మానేశాడు. ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు.

ఉగ్గాని_బజ్జి

మా ఇంట్లో అందరికీ ఉంది ఈ ఓసీడీ. గుమ్మం ముందు చెప్పులు వంకరగా ఉంటే నాకు నిద్ర పట్టదు.

రాత్రిపక్షి_అనంత

ఉగ్గానీ, నీది ఓసీడీ కాదు, పద్ధతి. చెప్పులు సర్దాక ప్రాణం హాయిగా ఉంటుంది, పోయి పడుకుంటావు. ఓసీడీ ఉన్నవాడికి సర్దాక కూడా "సరిగ్గా సర్దానా" అనేది మిగిలే ఉంటుంది. రోజుకు గంటకు పైగా ఆ పనికే పోతుంటే, లేదా దానివల్ల ఉద్యోగమో చదువో సంసారమో దెబ్బతింటుంటే అప్పుడు జబ్బు కింద లెక్క. డాక్టర్లు గీసుకున్న గీత కూడా ఇంచుమించు ఇదే.

అక్కా, మీరు రాసింది చదువుతుంటే మా ఇల్లు గుర్తొచ్చింది. నాకు డిగ్రీలో మొదలైంది, నాది కడుక్కునే రకం. అనంతపురంలో మా వీధికి కుళాయి నీళ్లు రోజు మార్చి రోజు. డ్రమ్ము నిండా పట్టిపెడితే మా అమ్మ వంటకు దిగేసరికి అడుగున జానెడు ఉండేవి. మిగతావన్నీ నా చేతుల మీదే పోయేవి. ఇంట్లో గొడవ ఎప్పుడూ జబ్బు గురించి కాదు, నీళ్ల గురించే! మోచేతి దాకా సబ్బు రుద్దాలి, కుళాయి తిప్పింది మురికి చేత్తో కాబట్టి కట్టేయడానికి మళ్లీ వేళ్లు తగలకూడదు, మోచేత్తో కట్టేసేవాణ్ణి, ఆ మోచెయ్యి గోడకు రాసుకుందా, మళ్లీ మొదలు. చలికాలంలో వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు వచ్చేది, సంగటిలో పులుసు కలుపుకుంటే మంట. ఆ మంటైనా ఓర్చుకునేవాణ్ణి కానీ కడుక్కోకుండా కూర్చోవడం నావల్ల అయ్యేది కాదు. ఇప్పుడు బాగున్నాను. పూర్తిగా పోయిందని చెప్పను, ఉంది, కానీ అది చెప్పినట్టు నేను వినడం లేదు.

రిటైర్డ్_మాస్టారు

ఈ కాలంలో ప్రతిదానికీ ఒక ఇంగ్లీషు పేరు, ఒక మాత్ర. మా అమ్మ మడి కట్టుకుని వంట చేసేది, పిల్లలం తగిలితే మళ్లీ స్నానం చేసేది. బిందె తనే తోముకునేది, ఇంకెవరు తోమినా ఒప్పుకునేది కాదు. దాన్నెవరూ రోగం అనలేదు. ఎనభై ఏళ్లు దాటి బతికింది. పొద్దున్నే ప్రాణాయామం చెయ్యమనండి, అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు, దాన్ని మనసులోంచి తీసేస్తే సరి.

కొండారెడ్డి_2

మాస్టారితో నేను ఏకీభవిస్తున్నా. మనసు గట్టిగా పెట్టుకుంటే పోయేదానికి ఆసుపత్రులేంటికి.

ఆల్మాస్‌పేట_కుర్రోడు

మాస్టారూ, మీ అమ్మగారు వంట అయ్యాక మడి విడిచి నలుగురితో కూర్చుని కబుర్లు చెప్పేవారా లేదా? చెప్పే ఉంటారు. మడికి ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. మా అన్న విషయం చెప్తా వినండి. కడపలో మా ఇంటి వెనకే మసీదు. నమాజుకు ముందు వజూ చేస్తాం కదా, చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులు, తల, కాళ్లు, అంతా కలిపి నాలుగైదు నిమిషాల పని. మా అన్న హౌజు (మసీదులో నీళ్ల తొట్టి) దగ్గర కూర్చుంటే జమాత్ (అందరూ కలిసి చేసే నమాజు) అయిపోయి అందరూ చెప్పులేసుకుని వెళ్లేటప్పుడు కూడా ఇంకా కాళ్లే కడుగుతుండేవాడు. మోచెయ్యి దగ్గర వెంట్రుకంత చోటు తడవలేదేమో అని. నమాజులో నిలబడితే ఎన్ని రకాతులు (నమాజులో ఒక్కో వరస) అయ్యాయో అనుమానం, మళ్లీ మొదలుపెట్టేవాడు. మేమంతా భక్తి అనుకున్నాం, బయటివాళ్లు మెచ్చుకునేవాళ్లు కూడా.

మా ఇమామ్ సాబ్ పసిగట్టాడు. దీన్ని వస్వాస్ అంటారు, అంటే మనసును పీడించే అనుమానం, దీనికి లొంగకూడదని పాతకాలం నుంచీ చెప్పిందే, ఒక్కసారి కడుగు, అనుమానం వచ్చినా తిరిగి కడగొద్దు, అట్లే నమాజుకు నిలబడు, పాపం ఉంటే నా మీద వేసుకుంటా అన్నాడు. కొన్నాళ్లు బాగానే ఉండె. తర్వాత "ఇమామ్ సాబ్ నిజంగానే ఆ మాట అన్నాడా" అని దాని మీదే అనుమానం, రోజూ పోయి ఆయన్నే అడగడం. అప్పుడు ఆయనే డాక్టర్‌కు చూపించమన్నాడు. తాయెత్తు కడతాడనుకున్న మా అమ్మకు నోట మాట లేదు.

రాత్రిపక్షి_అనంత

తమ్ముడూ, ఆ చివరి ముక్క బంగారం. ఎవరెంత ధైర్యం చెప్పినా ఆ ధైర్యం మీదే కొత్త అనుమానం పుడుతుంది. అక్క వాళ్లాయన ఫోటోలది కూడా అదే కథ కదా.

కొండారెడ్డి_2కి: మనసు గట్టిగా పెట్టుకో, ఆలోచించకు అనడం, కోతిని తలుచుకోకుండా మందు తాగమన్నట్టు ఉంటుంది. నేను ఏళ్ల తరబడి ఆ కోతితోనే కాపురం చేశాను.

ఎమ్మెస్సీ_సైకాలజీ

కడపలో చదువుతున్నా, ఇంకా విద్యార్థినినే, కాబట్టి డాక్టర్ మాటగా తీసుకోవద్దు. తెలిసింది రాస్తా, కొంచెం పొడుగవుతుంది.

ముందు ఒక ఆలోచన వస్తుంది: గ్యాస్ లీకైతే? చేతికి ఏదో అంటుకుంటే? గుండె దడ, భయం. ఆ భయం తగ్గించుకోవడానికి ఒక పని చేస్తారు, చూడటమో కడగటమో ఎవరినైనా అడగటమో మనసులో ఒక మంత్రమో. భయం కాసేపు తగ్గుతుంది. చిక్కంతా ఆ "కాసేపు"లోనే ఉంది. ఆ పని చేశాను కాబట్టే ప్రమాదం తప్పింది అని మెదడు నేర్చుకుంటుంది, ఈసారి ఇంకా గట్టిగా అడుగుతుంది. అందుకే చూసేకొద్దీ నమ్మకం పెరగదు, తగ్గుతుంది. పదేపదే చూస్తే ఆ జ్ఞాపకమే మసకబారుతుందని ప్రయోగాల్లో తేలింది కూడా.

ఆలోచన రావడం మాత్రం జబ్బు కాదు. 1978లో రాచ్‌మన్, డి సిల్వా అనే పరిశోధకులు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని అడిగితే ఎక్కువమందికి ఇలాంటి పిచ్చి పిచ్చి ఆలోచనలే వస్తున్నాయని తేలింది. వాళ్లు "ఛ, ఏంటిది" అని వదిలేస్తారు. ఓసీడీ ఉన్నవాళ్లు దానికి జవాబు వెతుకుతూ కూర్చుంటారు. "ఇది అర్థం లేనిదని నాకూ తెలుసు" అని మీ ఆయన అన్నారే, ఓసీడీలో చాలామందికి ఆ తెలివిడి ఉంటుంది. అందుకే నాకు పిచ్చా అనే భయం కూడా ఎక్కువ.

ఎంతమందికి ఉంటుందంటే, 2015-16లో నిమ్హాన్స్ (బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ) ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం పెద్దవాళ్లలో వెయ్యికి ఎనిమిది మంది దాకా. అంటే మన కర్నూలు, కడప, అనంతపురాల్లో వీధికొకరు ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఉగ్గాని_బజ్జి

సరే చెప్పుల గురించి నేను మళ్లీ మాట్లాడను. కానీ వైద్యం అంటే ఏం చేస్తారు? పడుకోబెట్టి చిన్నప్పటి సంగతులు అడుగుతారా?

ఎమ్మెస్సీ_సైకాలజీ

అలా అడిగిన కాలం ఒకటుంది, ఓసీడీకి దాంతో పెద్దగా ఒరిగింది లేదు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే ఆయన ఇద్దరు రోగుల మీద వేరే పద్ధతి ప్రయత్నించాడు. ముట్టుకోవడానికి భయపడే వాటినే ముట్టుకోనిచ్చి, తర్వాత కడుక్కోకుండా నర్సులు పక్కనే ఉండి కాపు కాశారు. కడుక్కునే రోగి గదిలో కుళాయిలు కట్టేశారు. ఇద్దరూ బాగా కోలుకున్నారు. ఇప్పుడు ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, అంటే భయపడేదానికి ఎదురు నిలబడి ఆ తంతు చెయ్యకుండా ఆగడం) అంటున్నది అక్కడినుంచి పుట్టిందే, కాకపోతే ఇప్పుడు బలవంతం ఉండదు, రోగి ఒప్పుకుంటేనే, మెట్టు మెట్టుగా.

ఉగ్గాని_బజ్జి

కుళాయిలు కట్టేయడమా? మా ఊళ్లో ఆ వైద్యం ఎప్పటినుంచో నడుస్తోంది, అదీ ఫ్రీగా.

రాత్రిపక్షి_అనంత

😀 మా నాన్న కూడా ఇదే జోకు వేసేవాడు.

నాకు చేసింది చెప్తా. ముందు ఒక కాగితం మీద భయాలన్నీ రాయించారు, ఒక్కోదానికి నూటికి ఎన్ని మార్కులు వేస్తావు అని. ఇంట్లో తలుపు పిడి ఇరవై. షాపువాడిచ్చిన చిల్లర నలభై. బస్టాండు బెంచీ ఎనభై. ఆసుపత్రి మెట్ల పక్కన ఉండే ఇనుప కమ్మీ నూరు. కింది నుంచి మొదలు. పిడి పట్టుకుని కూర్చోవాలి, కడుక్కోకూడదు, చేతులు ప్యాంటుకు తుడుచుకోకూడదు (ఇది దొంగతనంగా చేసేవాణ్ణి, ఆవిడ పట్టేసింది), మనసులో "ఏం కాదులే" అని జపించకూడదు కూడా. భయం పెరుగుతుంది, చెమటలు పడతాయి, ఇంక ఇంతే సంగతులు అనిపిస్తుంది. ఏమీ చెయ్యకపోయినా దానంతటదే దిగుతుంది. దిగుతుందని ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు, ఒళ్లు నేర్చుకోవాల్సిందే. రోజూ ఇంట్లో హోంవర్కు. ఆఖరి మెట్లలో ఒకటి, బస్టాండు బెంచీ మీద రెండు చేతులూ పెట్టి, అదే చేత్తో ఉగ్గాని బజ్జి తినడం. ఏడుస్తూ తిన్నా. బజ్జి మాత్రం బాగుంది.

కొండారెడ్డి_2

చేతులు కడగకుండా తినమనడం వైద్యమా? కరోనా టైంలో అయితే ఏం చేసేవాళ్లు?

రాత్రిపక్షి_అనంత

అప్పుడు ప్రభుత్వం చెప్పినట్టు ఇరవై సెకన్లు, ఒక్కసారి. నాకది పండగ! ఊరంతా నాలా అయిపోయింది కదా. నిజానికి ఆ రోజుల్లో చాలామందికి తిరగబెట్టింది. వైద్యంలో రోజూ ఇలాగే తినమని కాదు అన్నా, ఒక్కోసారి మామూలు హద్దు దాటించి చూపిస్తే, తర్వాత మామూలు దగ్గర ఆగడం తేలిక. ఇప్పుడు నేను కూడా తినేముందు చేతులు కడుగుతా, అందరిలాగే.

అజ్ఞాత_గుంతకల్లు

కొత్తగా ఐడీ చేసుకుని రాస్తున్నా, మా ఇంట్లోవాళ్లు ఈ వేదిక చదువుతారు. ఎమ్మెస్సీ చెల్లీ, నువ్వు "పిచ్చి పిచ్చి ఆలోచనలు" అన్నావు చూడు, అది పట్టుకుని అడుగుతున్నా. నాకు కాన్పయ్యాక మొదలైంది. కూరగాయలు కోస్తుంటే పక్కన పాప ఉంటే చాలు, ఆ కత్తి... రాయలేను. నాకు పాపంటే ప్రాణం. కత్తిపీట అటక మీద పెట్టించేశా, కూరగాయలు మా అమ్మే కోసి పంపిస్తుంది. పాపకు స్నానం నేను పోయను, నీళ్లంటే కూడా భయం. నేను రాక్షసినా? ఎవరికైనా చెప్తే పాపను నా దగ్గరనుంచి తీసేసుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

ఎమ్మెస్సీ_సైకాలజీ

అక్కా, రాక్షసి అయితే కత్తిపీట అటక మీద పెట్టదు. ఈ ఆలోచన చూసి మీరు ఎంత భయపడుతున్నారో చూడండి, అది మీ కోరిక కాదు, మీకు అన్నిటికన్నా ప్రాణమైన దాన్నే ఓసీడీ పట్టుకుంటుంది. దేవుణ్ణి నమ్మేవాళ్లకు దేవుడి మీద బూతు ఆలోచనలు, మర్యాదస్తులకు సిగ్గుమాలిన ఆలోచనలు, తల్లులకు బిడ్డ గురించి. కాన్పు తర్వాత ఇది చాలామందికి వస్తుంది, బయటికి చెప్పేవాళ్లే తక్కువ. సైకియాట్రిస్టులకు ఇది కొత్త కాదు, ఇలాంటి ఆలోచనలు చెప్పినందుకు బిడ్డను తీసేసుకోరు.

ఒక్కటి మాత్రం తేడా తెలియాలి. చెవిలో గొంతులు వినిపించడం, బిడ్డలో దయ్యం ఉందని గట్టిగా నమ్మడం, నిద్ర అసలు లేకుండా మాట తీరే మారిపోవడం, ఇవి ఉంటే అది ఓసీడీ కాదు, కాన్పు తర్వాత వచ్చే వేరే పెద్ద జబ్బు, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. మీరు రాసిందాంట్లో అవేవీ లేవు. అయినా డాక్టర్‌కు చూపించుకోండి. పాలిస్తున్నా వాడగలిగే మందులు ఉన్నాయి, పాలిస్తున్నానని ముందే చెప్పండి.

అజ్ఞాత_గుంతకల్లు

ఇంకెవరికైనా ఇలా ఉందా?

తుంగభద్ర_తల్లి

నాకు ఉండింది తల్లీ. నాది మేడ మీదినుంచి. బాబును ఎత్తుకుని డాబా ఎక్కడమే మానేశాను, బట్టలు ఇంట్లోనే ఆరేసేదాన్ని. ఇప్పుడు వాడు ఇంటర్, నాకన్నా జానెడు పొడుగు. నేను వాడి మీద చెయ్యి ఎత్తింది కూడా లేదు, మార్కుల విషయంలో తప్ప.

మందులషాపు_మామ

ప్రొద్దుటూరులో మెడికల్ షాపు నాది. మందుల గురించి నాలుగు మాటలు, ఎందుకంటే సగంమంది నా కౌంటర్ దగ్గరే దారి తప్పుతారు.

ఓసీడీకి వాడేవి ఫ్లూయోక్సెటిన్, ఫ్లూవోక్సమిన్, సెర్ట్రాలిన్, ఎస్కిటలోప్రామ్ లాంటివి. పాతది క్లోమిప్రమిన్, అమెరికాలో ఓసీడీకని మొదట అనుమతి వచ్చింది దానికే, 1989లో. బాగా పనిచేస్తుంది కానీ నోరు ఎండిపోవడం, మలబద్ధకం ఎక్కువ, గుండె సంగతి కూడా చూసుకోవాలి, అందుకని ఇప్పుడు ముందు మిగతావి రాస్తారు. డిప్రెషన్‌కి వాడే మోతాదు కన్నా ఓసీడీకి ఎక్కువ మోతాదు పడుతుంది. పని కనబడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. ఇది ఎవరూ చెప్పరు, చెప్పినా వినరు. మొదటి పది రోజులు వికారం, విరేచనాలు, నిద్ర తేడా, కొందరికి గాబరా కాస్త పెరుగుతుంది. మందు పడలేదని అవతల పారేస్తారు. మంచి జరగకముందే చెడు కనబడుతుంది ఈ మందులతో, అదీ కష్టం. భార్యాభర్తల సంగతిలో కూడా కొంత తేడా రావచ్చు, సిగ్గుపడకుండా డాక్టర్‌తో చెప్తే మారుస్తారు. తగ్గాక కూడా ఏడాది రెండేళ్లు వాడమంటారు. తగ్గింది కదా అని నడిమధ్య ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, ఆ తర్వాత జబ్బు తిరిగి రావడం.

కొండారెడ్డి_2

చూశారా! అలవాటు పడిపోతారు కాబట్టే ఆపితే అలా అవుతుంది. మా మేనమామ ఇలాగే ఏళ్ల తరబడి మాత్రలు మింగి మనిషి మబ్బుగా తయారయ్యాడు.

మందులషాపు_మామ

మీ మామ మింగింది ఏదో తెలుసా కొండారెడ్డీ? నా అంచనా నిద్రమాత్ర, అల్ప్రాజోలం లాంటిది. దానికి అలవాటు పడతారు, మోతాదు పెంచుకుంటూ పోతారు, చీటీ లేకుండా ఇమ్మని నాతో కొట్లాడేది కూడా దానికోసమే. పైన చెప్పినవి ఆ జాతి కాదు. వీటికోసం ఎవరూ రాత్రి పూట నా షట్టర్ కొట్టలేదు ఇంతవరకు. మెల్లగా తగ్గిస్తూ ఆపాలి, అంతే తేడా.

రిటైర్డ్_మాస్టారు

మాత్ర వేసుకుంటే ఆలోచన పోతుందా? ఆలోచన రసాయనమా? ఇది నాకు మింగుడు పడటం లేదు.

ఎమ్మెస్సీ_సైకాలజీ

మంచి ప్రశ్న సార్. 1992లో అమెరికాలో బాక్స్‌టర్ అనే ఆయన బృందం కొంతమందికి ఫ్లూయోక్సెటిన్ ఇచ్చి, కొంతమందికి మందు లేకుండా పైన చెప్పిన అభ్యాసం చేయించి, ముందూ తర్వాతా మెదడు స్కాన్లు తీసింది. రెండు గుంపుల్లోనూ బాగుపడ్డవాళ్లకు మెదడు లోపల ఒకే చోట చురుకు తగ్గింది. కాబట్టి మాత్రతోనైనా మారుతుంది, బజ్జీతోనైనా మారుతుంది. తీవ్రంగా ఉంటే రెండూ కలిపి చేయడమే మంచిదంటారు. మీరన్న ప్రాణాయామం చేస్తే నష్టం లేదు, నిద్రకు మంచిదే. కానీ గ్యాస్ భయం వచ్చినప్పుడల్లా ప్రాణాయామం చేస్తే అదే ఇంకో తంతు అయి కూర్చుంటుంది.

రిటైర్డ్_మాస్టారు

ఆ చివరి వాక్యం ఆలోచించదగ్గదే. మడి సంగతిలో మాత్రం నా మాట నాదే.

బురుజు_పక్కిల్లు

అందరివీ చదివాను. నన్ను నిద్రలేపి అడిగినప్పుడు నేనేం చెప్పాలో ఎవరూ చెప్పలేదు. "ఆపేశాను" అనకపోతే తెల్లారేదాకా ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

ఎమ్మెస్సీ_సైకాలజీ

అక్కా, మీరు చెప్పే ఆ మాట కూడా రెగ్యులేటర్ చూడటం లాంటిదే, ఆయన మీ నోటితో చూస్తున్నారు, అంతే. ఇంట్లోవాళ్లు ఇలా సాయం చేసేకొద్దీ జబ్బు బలపడుతుంది. కానీ రేపటినుంచి టక్కున మానేయొద్దు, గొడవలవుతాయి. పగటిపూట, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు ఆయనతోనే ఒప్పందం చేసుకోండి: ఒక్కసారి చెప్తాను, రెండోసారి అడిగితే చెప్పను, కావాలంటే పక్కన కూర్చుంటాను అని. ఆయన "సరే" అన్నాకే మొదలుపెట్టండి. వైద్యం మొదలయ్యాక థెరపిస్టు ఇంకా బాగా నేర్పిస్తారు.

పెన్నా_ఒడ్డు

నోటిమాట ఒకటి చెప్తే నెమ్మదించే మనిషిని అట్లా కూర్చోబెట్టి ఏడిపించడమేంటి? నాకిది క్రూరంగా ఉంది. మా ఆవిడ అడిగితే నేను ఎన్నిసార్లయినా చెప్తా.

ఆల్మాస్‌పేట_కుర్రోడు

చెప్పన్నా, ఎన్నాళ్లు చెప్తావు? మా ఇమామ్ సాబ్ కూడా ఓపికగానే చెప్పాడు. చివరికి మా అన్న ఆయన ఇంటి గుమ్మం దగ్గరే పడిగాపులు. మేం "నీకు భయంగా ఉందని తెలుసు, కానీ మళ్లీ చెప్పం" అనడం మొదలుపెట్టాక మొదటి వారం ఇల్లు నరకం. మా అమ్మ వెనక తలుపు నుంచి పోయి చెప్పొచ్చేది, మాకు తెలియకుండా! ఇప్పుడు మా అన్న జమాత్‌తో పాటే చెప్పులేసుకుని వస్తున్నాడు.

పెన్నా_ఒడ్డు

అట్లయితే సరే. అయినా ఆ మొదటి వారం నావల్ల కాదు.

క్లాక్‌టవర్_కిట్టు

అసలు విషయానికి రండప్పా. ఎక్కడికి పోవాలి, ఖర్చెంత? మన సీమలో ఈ ఈఆర్‌పీ చేసేవాళ్లు ఉన్నారా? సైకియాట్రిస్టు దగ్గరికి పోతే చీటీ రాసి పంపడమే కదా. నన్ను చూసిన ఒకాయన తల కూడా ఎత్తలేదు.

రాత్రిపక్షి_అనంత

నిజమే, మందులు రాసేవాళ్లు దొరుకుతారు, కూర్చుని అభ్యాసం చేయించేవాళ్లు తక్కువ. నేను బెంగళూరు నిమ్హాన్స్‌కు పోయా, అక్కడ ఓసీడీకే ప్రత్యేకంగా క్లినిక్ ఉంది. అనంతపురం నుంచి హైవే మీద సుమారు రెండొందల కిలోమీటర్లు, పొద్దున బయల్దేరితే పని ముగించుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. సర్కారు సంస్థ, ఖర్చు తక్కువే, క్యూకు ఓపిక కావాలి. తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారు. కొంతమంది థెరపిస్టులు వీడియో కాల్‌లో కూడా చేస్తున్నారు, ఫోన్ వంటింట్లో పెట్టి రెగ్యులేటర్ ముందే చేయించొచ్చు, మీ ఆయనకు అదే మంచిదేమో.

మందులషాపు_మామ

ముందు ఊళ్లో మొదలుపెట్టండి. కర్నూలు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, కడప రిమ్స్‌లో ఉంది. మనిషి రానంటే 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో పెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. థెరపిస్టును ఎంచుకునేటప్పుడు "ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా" అని సూటిగా అడగండి. "రిలాక్స్ అవ్వండి, పాజిటివ్‌గా ఆలోచించండి" అని సరిపెట్టేవాళ్ల దగ్గర డబ్బు తగలేయొద్దు.

క్లాక్‌టవర్_కిట్టు

ఇన్సూరెన్స్ వస్తుందా?

పెన్నా_ఒడ్డు

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇవ్వాలి. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఓసీడీకి చేరాల్సిన అవసరం ఎక్కువమందికి రాదు. పాలసీ కాగితం చదువుకో.

బురుజు_పక్కిల్లు

కొత్త సంగతి. రాత్రిపక్షి తమ్ముడు రాసింది, ఆల్మాస్‌పేట అబ్బాయి రాసింది మా ఆయనకు ఫోన్‌లో చూపించి ఏమీ అనకుండా వంటింట్లోకి పోయా. చాలాసేపటికి వచ్చి "ఈ వజూ ఆయన తమ్ముడెవరో గానీ నన్ను చూసి రాసినట్టే రాశాడు" అన్నాడు. 14416కు తనే చేశాడు, తలుపేసుకుని. ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. సోమవారం పెద్దాసుపత్రికి పోదామన్నాడు, ఒక షరతు, మా అత్తమ్మకు చెప్పకూడదట.

ఉగ్గాని_బజ్జి

అత్తమ్మ ఈ వేదిక చదవదని గ్యారంటీ ఉందా?

బురుజు_పక్కిల్లు

ఆమెకు సీరియళ్లకే టైం చాలదు. డాక్టర్‌తో ఏం చెప్పాలో ఎవరైనా చెప్పండి, ఈయన అక్కడికి పోతే "అప్పుడప్పుడూ కొంచెం టెన్షన్ సార్" అని వచ్చేస్తాడు, నాకు తెలుసు.

రాత్రిపక్షి_అనంత

నేనూ మొదటిసారి అదే చెప్పి గ్యాస్ మాత్రలు తెచ్చుకున్నా. రాసుకుపోండి అక్కా. రోజుకు ఎంతసేపు పోతోంది, ఆ పని చెయ్యకపోతే ఏమవుతుందని భయం, ఆఫీసు ఎంత దెబ్బతింటోంది, మీరెంత సాయం చేయాల్సి వస్తోంది. వాళ్లకు ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో చూసే వై-బాక్స్ అని పది ప్రశ్నల కొలత ఉంది, మొత్తం నలభై మార్కులు, ఎక్కువొస్తే ఫస్టు క్లాసు కాదు. దాంట్లో అడిగేది కూడా ఇలాంటివే. మళ్లీ కొన్ని నెలలకు అదే కొలిస్తే తగ్గిందో లేదో తెలుస్తుంది. ఆ రెగ్యులేటర్ ఫోటోల గ్యాలరీ కూడా చూపించండి, వెయ్యి మాటలెందుకు.

అజ్ఞాత_గుంతకల్లు

నేను కూడా 14416కు చేశాను. అవతల ఆవిడ "ఇది మేం వింటూనే ఉంటాం" అంది. మా ఆయనకు ఇవాళ రాత్రి చెప్తా. తుంగభద్ర అక్కా, మీకు వ్యక్తిగత సందేశం పెట్టాను, చూడండి.

తుంగభద్ర_తల్లి

చూశాను, జవాబు రాశా.

బురుజు_పక్కిల్లు

మందులషాపు మామగారూ, ఆయన బీపీ మాత్ర వేసుకుంటాడు, దాంతోపాటు రక్తం పలచబడటానికని చిన్న ఆస్పిరిన్ కూడా. ఈ మందులతో ఇబ్బందా?

మందులషాపు_మామ

పాత చీటీలన్నీ పట్టుకుపోమ్మా. ఆస్పిరిన్ సంగతి ఆయన మర్చిపోయినా నువ్వు చెప్పు, ఈ రకం మందులతో కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం కొంచెం పెరుగుతుంది, డాక్టర్ చూసి నిర్ణయిస్తారు. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. నొప్పులకు ఏమైనా మింగుతాడా?

బురుజు_పక్కిల్లు

మోకాలికి అప్పుడప్పుడూ బ్రూఫెన్.

మందులషాపు_మామ

అదీ రాసుకో.